కోటికి ఇరవై మంది టీచర్లు

రెండువేల ఇరవై ఐదు జూలై పదో తేదీ, గురువారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు జనగామలో నమ్మకం పోయింది. పోయిన వస్తువు గుర్తులు: వయసు రెండేళ్లు, కాగితం మీద ఎక్కడా రాసి లేదు, మూడు బ్యాంకుల మధ్య ఫోనులో మాత్రమే తిరిగేది. పోయినప్పుడు చప్పుడేమీ కాలేదు. ఆ సమయంలో బస్టాండు దగ్గర మక్కకంకులు కాల్చే ఆమె బొగ్గులు విసురుతూనే ఉంది. వరంగల్ బస్సు ఎప్పటిలాగే పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఎవరూ తల ఎత్తి చూడలేదు.

విషయం తెలియనివారి కోసం నాలుగు మాటలు. నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో సోషల్ టీచరును. నాలుగు మాటల్లో అయ్యే సంగతిని నలభై నిమిషాలు చెప్పడం నా వృత్తి. ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను.

జనం దాచుకున్న సొమ్ములో ప్రతి బ్యాంకూ కొంత భాగాన్ని పక్కన పెట్టి ముట్టుకోకుండా ఉంచాలి. దాన్ని నిల్వ అంటారు. సాయంత్రం లెక్క చూసుకుంటే ఒక బ్యాంకులో నిల్వ ఎక్కువ, ఇంకొక బ్యాంకులో తక్కువ తేలుతుంది. తక్కువైన బ్యాంకు ఎక్కువైన బ్యాంకుకు ఫోను చేసి ఒక్క రాత్రికి అప్పు తీసుకుంటుంది. తెల్లవారి, ఆ ఒక్క రాత్రి వడ్డీతో తిరిగి ఇస్తుంది. దీనికి తాకట్టు లేదు, సాక్షి లేడు, ఆధార్ నకలు లేదు. నగరాల్లో పెద్ద బ్యాంకులు రోజూ వేల కోట్లు ఇలాగే ఇచ్చి పుచ్చుకుంటాయి. మనిషికి పదివేలు ఇవ్వడానికి పన్నెండు సంతకాలు అడిగే బ్యాంకు, ఇంకొక బ్యాంకుకు కోటి ఇవ్వడానికి ‘అలాగే’ అన్న ఒక్క మాటతో తృప్తి పడుతుంది. అది వాటి సంస్కారం.

మా ప్రాంతంలో ఈ సంస్కారాన్ని మూడు సహకార బ్యాంకులు పాటిస్తాయి. జనగామలో విశ్వాస బ్యాంకు, మహబూబాబాదులో ఐశ్వర్య బ్యాంకు, భూపాలపల్లిలో నల్లబంగారం బ్యాంకు. పెద్ద బ్యాంకుల్లో ఈ వ్యవహారం తెర మీద అంకెలతో జరుగుతుంది. మా మూడు బ్యాంకులకు అంకెల మీద గౌరవమే గాని నమ్మకం లేదు. అందువల్ల కోటి రూపాయల నోట్లను ఇనుప పెట్టెలో పెట్టి, పెట్టెను బొలెరోలో పెట్టి, పెట్టె పక్కన జలీల్‌ను కూర్చోబెట్టి పంపుతారు. జలీల్ విశ్వాస బ్యాంకు అటెండరు. రెండేళ్లుగా వారానికి నాలుగు రాత్రులు కోటి రూపాయల పక్కన కూర్చున్న మనిషి, ఇంకా రెయిన్ కోటు కొనుక్కోలేదు.

ఆరు శాతం చొప్పున కోటికి ఒక రాత్రి వడ్డీ పదహారు వందల నలభై మూడు రూపాయల ఎనభై నాలుగు పైసలు. డీజిలుకు పదకొండు వందలు, డ్రైవరు బత్తాకు ఆరువందలు. ఈ తేడాను వార్షిక నివేదికలో ‘సత్సంబంధాల వ్యయం’ అని చూపిస్తారు.

నిల్వను పదిహేను రోజుల సగటు మీద లెక్కిస్తారు. ఒక్కొక్క బ్యాంకు ముప్పై మూడు లక్షలు ఉంచాలి. కోటి రూపాయలు ఒక ఊళ్లో ఐదు రాత్రులు పడుకుంటే ఆ ఊరి సగటు సరిపోతుంది. మూడు ఊళ్లు, పదిహేను రాత్రులు, ఒకటే పెట్టె. ఈ లెక్క కనిపెట్టిన గుమాస్తాకు మూడు బ్యాంకులు కలిసి ఒకే శాలువా కప్పాయి. ఆయనకు చిన్నప్పుడు లెక్కలు చెప్పింది ప్రభుత్వ పాఠశాల టీచరేనని విన్నప్పుడు మేమంతా సంతోషించాము.

ఇక నమ్మకం ఎలా పోయిందంటే, ఆ గురువారం ఉదయం జలీల్ మహబూబాబాదులో చెల్లెలి ఇంటి నుంచి వస్తూ, ఐశ్వర్య బ్యాంకు మేనేజరు ప్రియదర్శిని గారిని చూశాడు. ఆమె రైల్వే స్టేషను ఎదుట వేరే బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకుంటున్నారు. జలీల్ వచ్చి విశ్వాస బ్యాంకు మేనేజరు విద్యాసాగర్ గారికి చెప్పాడు.

“సార్, ఆ మేడం జీతం వాళ్ల బ్యాంకుల పడ్తలేదనుకుంట.”

విద్యాసాగర్ గారి జీతం కూడా వేరే బ్యాంకులోనే పడుతుంది. అందువల్ల ఆ వార్త బరువు ఆయనకు వెంటనే తెలిసింది.

పెట్టె ఆ రోజు భూపాలపల్లిలో ఉంది. విశ్వాస బ్యాంకు ఒక రాత్రికని నల్లబంగారం బ్యాంకుకు అప్పుగా పంపినది. నాలుగు గంటల పది నిమిషాలకు ప్రియదర్శిని గారు ఎప్పటిలాగే విద్యాసాగర్ గారికి ఫోను చేసి, ఈ రాత్రికి పెట్టెను తమకు ఇప్పించమన్నారు. విద్యాసాగర్ గారు “ఎందుకు?” అన్నారు.

రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె ఫోను పెట్టేసి, వెంటనే భూపాలపల్లి మేనేజరు జాకీర్ గారికి చేశారు. “జనగామోళ్లు ఎందుకని అడుగుతున్నరు. వాళ్ల దగ్గర లేకనే అడుగుతున్నరేమో” అన్నారు. జాకీర్ గారు జాగ్రత్త గల మనిషి. ఎవరి దగ్గర లేదో తేలేదాకా ఎవరికీ ఇవ్వకపోవడం క్షేమమని, పెట్టెకు రెండో తాళం వేయించారు. నాలుగు గంటల నలభై నిమిషాలకు మూడు పట్టణాల్లోనూ పరిస్థితి ప్రశాంతంగా ఉంది.

మరునాడు శుక్రవారం నేను విశ్వాస బ్యాంకుకు వెళ్లాను. అక్కడ నా భార్య రాణి పేరు మీద మూడు లక్షల ఇరవై వేల డిపాజిట్ ఉంది. రాణి తొమ్మిదేళ్లు ప్రభుత్వ బడి పిల్లలకు యూనిఫాం కుట్టింది. జతకు యాభై రూపాయలు. అంటే ఆరువేల నాలుగు వందల జతలు. మిగతా బ్యాంకుల కంటే ఇక్కడ వడ్డీ అర శాతం ఎక్కువ. ఇక్కడ వేయమని చెప్పింది నేను.

రాణి గుండెలో ఒక కవాటం మార్చాలి. హైదరాబాదు దవాఖాన వారు వచ్చే శుక్రవారం, పద్దెనిమిదిన ఆపరేషన్ పెట్టారు. పదిహేడు సాయంత్రంలోగా మూడు లక్షలు కట్టాలన్నారు. నా ఆరోగ్య కార్డును అందుకుని, రెండు వైపులా చూసి, బాగుందని తిరిగి ఇచ్చారు. భవిష్యనిధి నుంచి అడిగిన అప్పు మంజూరైంది. మంజూరు కాగితం నా దగ్గర ఉంది. డబ్బు వరుసలో ఉంది.

బ్యాంకులో కూడా వరుస ఉంది. మనుషులు అరుగు మీద కూర్చుని, తమ బదులు చెప్పులను వరుసలో పెట్టారు. యూరియా కోసం నిలబడి నేర్చుకున్న పద్ధతి ఇలా బ్యాంకింగ్ రంగానికి కూడా అక్కరకు వచ్చింది. స్టేషన్ రోడ్డులో గాజులమ్మే హాజిరా బీ తన నలభై వేల కోసం వచ్చి, జలీల్‌ను నిలదీస్తోంది.

“నా పైసలు ఏవిరా జలీల్?”

“భూపాలపల్లికి పోయినయి ఖాలా. రాత్రి పోయి పొద్దున రావాలె. రాలె.”

“నలభై ఏండ్ల సంది నేను రాత్రి ఇల్లు దాటలె. నా పైసలు ఎవరి ఇంట్ల పండుకుంటున్నయి?”

“బ్యాంకులనే ఖాలా, మంచిగ తాళమేసిండ్రు. నాకంటె మంచిగ పండుకుంటయి.”

విద్యాసాగర్ గారు నన్ను లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. “సార్, మీ సొమ్ము భద్రంగా ఉంది. ఎంత భద్రంగా ఉందంటే, మేము కూడా దాన్ని తీయలేకపోతున్నాము. ఒక బ్యాంకు గొప్పదనం సొమ్ము ఇవ్వడంలో లేదు, ఉంచడంలో ఉంది. మీరు విద్యావంతులు. ఈ సంగతి బయట ఉన్నవాళ్లకు మీరే చెప్పాలి.” నేను డిపాజిట్ బాండు, దవాఖాన చీటీ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, చాలా బాధపడి, సోమవారం రమ్మన్నారు. మరునాడు రెండో శనివారం. రాత్రులు మేలుకునే సొమ్ము కూడా రెండో శనివారం విశ్రాంతి తీసుకుంటుంది.

ఇంట్లో రాణి రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది.

“మీ అర శాతం వచ్చిందా సారూ?”

పెళ్లైన నాటి నుంచి ఆమె నన్ను సారూ అనే పిలిచేది. గౌరవంతో కాదు.

“పెట్టె భూపాలపల్లిల ఉన్నదట.”

“అదన్న తిరుగుతున్నది. నన్ను కాళేశ్వరం తీస్కపోత అనవట్టి ఏడేండ్లాయె. నా పైసలు నాకంటె ముందుగాల గోదారి చూసేటట్టున్నయి.”

“సోమవారం నేనే పోయి అడుగుత.”

“గట్టిగ అడుగుండ్రి. పాఠం చెప్పినట్టు చెప్తె వాళ్లు గూడ నిద్రపోతరు.”

నవ్వినందుకు ఆమెకు ఆయాసం వచ్చింది. తగ్గడానికి చాలాసేపు పట్టింది.

సోమవారం నేను సెలవు పెట్టి భూపాలపల్లి వెళ్లాను. విద్యాసాగర్ గారు నన్ను తమ బ్యాంకు గౌరవ రాయబారిగా నియమిస్తూ ఒక లేఖ ఇచ్చారు. బస్సు చార్జీ గౌరవంలోనే కలిసి ఉంది.

జాకీర్ గారు మర్యాదస్తులు. చాయ్ తెప్పించి, తర్వాత లోపలి గదిలోకి తీసుకుపోయి పెట్టెను చూపించారు. మూత తెరిచి, కట్టలు చూపించి, మళ్లీ మూశారు. చెప్పులు విడవమని ఎవరూ అనలేదు. నేనే విడిచాను.

“ఇది మీ బ్యాంకుదే సార్. కాదని మేం అంటలేము” అన్నారు.

“మరి తిరిగి ఇస్తరా?”

“తిరిగిచ్చుడు వేరు, అప్పిచ్చుడు వేరు సార్. తిరిగిచ్చుడంటే బోర్డు మీటింగుల పెట్టాలె. అది వచ్చే నెల. అప్పంటరా, ఇయ్యాల్నే ఇస్తం. రాత్రికి.”

“మా పైసలు మాకే అప్పిస్తరా?”

“ఎవరి పైసలో ఎవరికో అప్పిచ్చుడే గద సార్ బ్యాంకంటె.”

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఇంత స్పష్టంగా ఒక్క పాఠం కూడా చెప్పలేదు. అయితే నమ్మకం పోయింది కనుక, అప్పుకు ఇకమీదట జమానతు, అంటే ఎవరిదైనా పూచీ, కావాలని, ఆ రూలును ముగ్గురూ కలిసి రాసుకోవాలని, అందుకు ఐశ్వర్య బ్యాంకు ఒప్పుకోవాలని ఆయన చెప్పారు. నేను మంగళవారం మహబూబాబాదు వెళ్లాను.

అక్కడ వరుసలో తావుర్యా అనే మిర్చి రైతు పక్కన చోటు దొరికింది.

“సారూ, మీరు ఏ ఊరి పైసలకొచ్చిండ్రు?”

“జనగామ.”

“మాయి గూడ అక్కడికే పోయినయన్నరు. అక్కడోళ్లేమో ఇక్కడికొచ్చినయన్నరట. నడుమల బండి పంచరయిందా ఏంది?”

“భూపాలపల్లిల ఉన్నయి. నేను చూసొచ్చిన.”

తావుర్యా నన్ను కొత్తగా చూశాడు. “మంచిగున్నయా?” అని అడిగాడు. బాగున్నాయని చెప్పాను. అతడు ఆ మాటను వెనకవాళ్లకు చేరవేశాడు. వరుసలో కొంత ధైర్యం కనిపించింది.

ప్రియదర్శిని గారికి కోపం లేదు, బాధ ఉంది. “నన్ను ఎందుకని అడిగిండ్రు సార్. మా అత్తమ్మ గూడ నన్ను గిట్ల అడగలె ఏనాడు” అన్నారు. విద్యాసాగర్ గారి తరఫున నేను క్షమాపణ చెప్పాను. ఆమె స్వీకరించి, జమానతు విషయానికి వచ్చారు. “బ్యాంకును నమ్మి కోటి ఎవరిస్తరు సార్ ఈ రోజులల్ల? గవర్నమెంటు టీచర్ ఎవరన్న ఉంటె చెప్పుండ్రి.”

మా జిల్లాల్లో చిట్టీ పాడి ఎత్తుకోవాలన్నా, ఆటో కొనాలన్నా, ఒక ప్రభుత్వ టీచరు జమానతు సంతకం చేయాలి. నాయకుల సంతకం చెల్లదు. టీచరు జీతం ఒకటో తారీఖున కాకపోయినా ఏదో ఒక తారీఖున వస్తుంది. టీచరు పారిపోడు. పారిపోయినా పరీక్షల డ్యూటీకి తిరిగి వస్తాడు. అందుకే మాలో చాలామంది పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లినప్పుడు ఉద్యోగం సంగతి చెప్పరు. వ్యవసాయమంటారు.

నేను టీచరునని చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. ముగ్గురు మేనేజర్లు ఫోనులో కలుసుకుని, ఆరు నిమిషాల్లో రూలు తయారు చేశారు. ఐదు లక్షలకు ఒక టీచరు. కోటికి ఇరవై మంది. ఒక టీచరు ఒక్క జమానతుకే పనికి వస్తాడు. ఇక్కడ సంతకం చేసినవాడు ఇంకెక్కడా చేయరాదు. ఒక్కొక్కరు మూడు నెలల జీతం చీటీలు, హెడ్మాస్టరు ధ్రువపత్రం, రెండు ఫోటోలు తేవాలి. అప్పు తీసుకునే విశ్వాస బ్యాంకు నుంచి ఏ కాగితమూ అవసరం లేదు. బ్యాంకు కాగితాలను నమ్మేదెలా అని ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

బుధవారం ఉదయం ప్రార్థన అయ్యాక మా స్టాఫ్‌రూములో అత్యవసర సమావేశం జరిగింది. మా బడిలో పద్నాలుగు మందిమి. పక్క ఊరి బడి నుంచి ఆరుగురిని హెడ్మాస్టరు గారు బతిమాలి పిలిపించారు. కాగితాలు బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను.

లెక్కల టీచరు హఫ్సా మేడం అడిగింది. “అబ్రహాం సార్, మనుషులు అప్పు తీస్కుంటె మనం జమానతుండుడు చూసిన. బ్యాంకు అప్పు తీస్కుంటె మనం ఉండుడేంది?”

“కొత్త రూలమ్మా.”

“ఆరోజు మా తమ్ముని ఆటోకు మీరు సంతకం పెట్టనంటిరి.”

“పెట్టలె. తప్పే.”

“పోనీ తియ్యుండ్రి, రాణక్క కోసం పెడుత. బ్యాంకు మొఖం చూసి మాత్రం కాదు.” సంతకం చేసి, కింద పేరు గుండ్రని అక్షరాల్లో పూర్తిగా రాసింది. తర్వాత మిగతావారు. ఒకరు తన సంతకాన్ని కొడుకు చదువు అప్పుకని దాచుకున్నారు. దాన్ని ఇక్కడ ఖర్చు పెట్టారు. ఇంకొకరు ఇంట్లో చెప్పవద్దన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇరవై పూర్తయ్యాయి. ఇరవయ్యోది నాది.

ఆ సాయంత్రం పెట్టె భూపాలపల్లిలో బయలుదేరి ఏడున్నరకు జనగామ చేరింది. జలీల్ తడిసి దిగాడు. పెట్టె తడవలేదు. విశ్వాస బ్యాంకు తన కోటిని తానే ఆరు శాతానికి అప్పు తెచ్చుకున్నందుకు సిబ్బంది చప్పట్లు కొట్టారు. విద్యాసాగర్ గారు మాట్లాడారు: “ఈ రోజు మన పట్టణ ఆర్థిక చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగినది. గురువులు జాతి నిర్మాతలని వినడమే గాని చూడలేదు. ఇప్పుడు చూశాము. ఇరవై మంది గురువుల జీతాల మీద ఒక బ్యాంకు నిలబడింది.”

చప్పట్లు ఆగాక, నా మూడు లక్షల ఇరవై వేలు ఇవ్వమని అడిగాను.

“కౌంటరు నాలుగింటికే మూశాము సార్. రేపు పదింటికి.”

“రేపు పదింటికి పెట్టె ఉంటదా?”

“ఉండదు. తొమ్మిదింటిలోగా భూపాలపల్లిలో ఉండాలి. అయిదున్నరకే బయలుదేరుతుంది.”

“అయితే ఇప్పుడే ఇయ్యుండ్రి.”

ఆయన నాకు ఓపికగా వివరించారు. రాత్రి సొమ్ము నిల్వ. పగటి సొమ్ము ఖాతాదారులది. రెండూ కలపరాదు. ఒకవేళ కలిపి, ఇప్పుడు నాకు మూడు లక్షల ఇరవై వేలు ఇస్తే, తెల్లవారి కోటిలో అంత తక్కువవుతుంది. తక్కువైతే నల్లబంగారం బ్యాంకు జమానతుదారుల మీదికి వస్తుంది. జమానతుదారు నేను. “మీకు ఇచ్చి మళ్లీ మీ దగ్గరే వసూలు చేయించడం నాకు మనసొప్పదు సార్” అన్నారు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. హఫ్సా మేడం కూడా చూసింది. తప్పు లేదంది.

గురువారం పదింటికి కౌంటరు తెరిచారు. పెట్టె అప్పటికే పోయింది. ఆ విధంగా, కోటి రూపాయలు ప్రతి సాయంత్రం కౌంటరు మూశాక వచ్చి, కౌంటరు తెరవక ముందే వెళ్లే ఏర్పాటు మా పట్టణంలో స్థిరపడింది. వరుసలో ఉన్నవాళ్లకు ఈ సంగతిని నేనే వివరించాను. హాజిరా బీ శ్రద్ధగా విన్నది.

“అయితె రాత్రే కౌంటర్ తెరువుమనుండ్రి సార్. మేం నిద్ర ఆపుకుంటం.”

ఆ మాటను సలహాల పుస్తకంలో రాయించారు. క్రమసంఖ్య ఒకటి.

అక్కడి నుంచి నేను నెహ్రూ పార్కు వైపు ఒక ఫైనాన్సు దుకాణానికి వెళ్లాను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. యజమాని మంచివాడు, గంటలో మూడు లక్షలు చేతిలో పెడతానన్నాడు. “మీరు టీచరే గద సార్, ఇంకొక్క టీచర్ జమానతు చాలు. ఎక్కడా సంతకం పెట్టనోళ్లు కావాలె.”

నేను ఫోను తీశాను. పేర్లన్నీ చూశాను. మా బడిలో పద్నాలుగు మంది, పక్క బడిలో ఆరుగురు. అందరూ ఒక బ్యాంకుకు జమానతు ఉన్నారు. వేరే మండలాల్లో తెలిసినవారిని అడిగాను. వాళ్ల సంతకాలు వాళ్ల ఊరి చిట్టీల్లో ఉన్నాయి. సోమవారమే ఇక్కడికి వచ్చి ఉంటే ఇరవై మందిలో ఒక్కరు సరిపోయేవారు. నేను సోమవారం రాయబారిని.

సాయంత్రం ఆరింటికి దవాఖాన వారు ఫోను చేశారు. మా వంతు ఇంకొకరికి ఇచ్చామని, మాకు వచ్చే శుక్రవారం, ఇరవై ఐదున పెడతామని చెప్పారు. మర్యాదగానే చెప్పారు.

రాణి విన్నది. “ఇరవై మందిని ఒక్క పూటల ఒప్పిస్తిరి సారూ. బడిల నా మాట ఎవ్వరు ఇనరంటరు గద, అబద్ధమన్నట్టు.” తర్వాత “హఫ్సా పెట్టిందా?” అని అడిగింది. అందరికంటే ముందు పెట్టిందని చెప్పాను. “దాని తమ్ముని ఆటో సంగతి మర్చిపోకుండ్రి ఇగ” అన్నది.

శనివారం సాయంత్రం పెట్టె ఎప్పటిలాగే జనగామకు వచ్చింది. ఆదివారం బ్యాంకులకు సెలవు కనుక, సోమవారం తెల్లవారుజాము వరకు కదిలే అవసరం లేదు. ఆ ఆదివారం, జూలై ఇరవై, ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు రాణి చనిపోయింది. మా ఇంటికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఆ పగలంతా, కోటి రూపాయలు విశ్వాస బ్యాంకులోనే ఉన్నాయి.

తర్వాత అన్నీ చక్కబడ్డాయి. ఇరవై మంది టీచర్లు వెనక ఉన్నారని తెలిసి ముగ్గురు మేనేజర్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరింది. బ్యాంకు నిలబడిందని తెలిసి జనం డిపాజిట్లు తీసుకోవడం మాని, మళ్లీ వేయడం మొదలుపెట్టారు. వరుసలో చెప్పులు తగ్గాయి. హాజిరా బీకి ఆమె నలభై వేలు వచ్చాయి. ఆగస్టులో నాకు కూడా నామినీగా రాణి సొమ్ము ముట్టింది. మరణ ధ్రువపత్రం, ఆమె ఫోటోలు రెండు, నావి రెండు. అర శాతం అదనపు వడ్డీని జూలై ఇరవయ్యో తేదీ వరకు ఒక్క రోజు కూడా తగ్గించకుండా లెక్క కట్టారు. ఈ విషయంలో ఎవరినీ తప్పుపట్టలేను.

సెప్టెంబరులో జనగామ ఫంక్షన్ హాలులో మూడు బ్యాంకుల ఉమ్మడి మహాసభ జరిగింది. మా ఇరవై మందికి శాలువాలు కప్పారు. ఈసారి మనిషికొకటి. రాణి పేరు మీద మౌనం పాటించారు. కార్యక్రమ పట్టికలో రెండు నిమిషాలని ఉంది. బగారా అన్నం చల్లారుతుందని ఒక నిమిషానికి కుదించారు. విద్యాసాగర్ గారు మాట్లాడుతూ, మూడు జిల్లాల్లో బ్యాంకు ఏదైనా సరే, దాని వెనక ఒక బడి ఉండాలన్నదే తమ దృక్పథమని ప్రకటించారు. రాత్రి ఒక గంట కౌంటరు తెరవాలన్న సలహా పద్నాలుగో అంశంగా వచ్చింది. అప్పటికి భోజనాల దగ్గర వరుస కదిలింది. సభ్యులు లేచారు. తావుర్యా మాత్రం చెయ్యి ఎత్తి కూర్చున్నాడు. అతడు మహబూబాబాదు ఖాతాదారుడు కనుక జనగామ కౌంటరు మీద ఓటు లేదని చెప్పి, అతడిని కూడా భోజనానికి పంపించారు. నేనూ లేచాను. అంశం వచ్చే ఏటికి వాయిదా పడింది.

ఇప్పుడు ప్రతి సాయంత్రం నాలుగింటికి బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఈ రాత్రికి కూడా ఉన్నట్టేనా సార్ అని అడుగుతారు. ఇరవై మందిమీ ఉన్నట్టే అంటాము. మాలో ఎవరికైనా ఇంట్లో అవసరం వచ్చినా ఇంకెక్కడా సంతకం చేయలేము, చేయించుకోలేము. తప్పుకోవాలంటే రూలు ఉంది. తన స్థానంలో ఇంకొక ప్రభుత్వ టీచరును చూపించాలి.

అక్టోబరులో మా బడికి ఫిజా అనే కొత్త తెలుగు టీచరు వచ్చింది. మొదటి ఉద్యోగం. ఆమె తల్లికి డయాలసిస్ జరుగుతోందని, రోజు విడిచి రోజు దవాఖానకు తీసుకుపోతుందని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. ఆమె ఇంతవరకు ఎక్కడా సంతకం పెట్టలేదని కూడా అందరికీ తెలుసు. ఆమె గదిలోకి వస్తే మేము ఇప్పుడు లేచి కుర్చీ ఇస్తున్నాము, చాయ్ ముందుగా ఆమెకే పోయిస్తున్నాము. ఈ ఊరివాళ్లు మంచివాళ్లని ఆమె ఇంట్లో చెప్పిందట.

ఇది చదువుతున్నవారిలో ఇంతవరకు ఎక్కడా సంతకం పెట్టని ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా ఉంటే, ఆ సంగతిని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పవద్దు. మాలాంటి మంచివాళ్లకు అసలే చెప్పవద్దు.

తప్పుకునే దరఖాస్తు నా సంచిలో ఉంది. అన్నీ నింపాను. కొత్త జమానతుదారు పేరు రాయవలసిన చోట ఖాళీ ఉంది. ఫిజాను నేను ఇంకా అడగలేదు.